తోలు లేని బాంజో

కౌతాళం ఖాదర్‌లింగ స్వామి ఉరుసులోనో, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరలోనో పాటకచేరీ ముందు కూర్చున్న మా ఆదోని వైపు మనిషికి బాంజో అంటే తెలిసింది ఒకటే: పొడుగాటి చెక్కపెట్టె, దాని నడుమ గుండీల వరుస. ఎడమచేత్తో గుండీ నొక్కుతూ కుడిచేత్తో తీగలు మీటుతారు. అందులో తోలుముక్క వెతికినా కనిపించదు. అసలు బాంజోకేమో ప్రాణమంతా తోల్లోనే ఉంది.

ఆ అసలుది పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా అమెరికా, కరీబియన్ దీవులకు పట్టుకుపోయినవాళ్ల చేతుల్లో రూపు కట్టింది. ఎండు బుర్రకు తోలు కప్పి, కర్ర గుచ్చి, తీగలు లాగారు. 19వ శతాబ్దంలో బుర్ర పోయి చెక్కచట్రం వచ్చింది. హవాయి చిన్న గిటారు యుకులేలీ కథ వేరు. 1879లో మదీరా దీవి నుంచి హోనోలులులో ఓడ దిగిన పోర్చుగీసు వడ్రంగుల చలవ అది. మైకుల్లేని ఆ రోజుల్లో దాని సన్నని గొంతు నాటకశాల వెనక వరుసకు చేరేది కాదు. అందుకే 1917 ప్రాంతాల్లో ఈ రెంటికీ ముడిపెట్టారు. హవాయిలో పుట్టిన ఆల్విన్ కీచ్ ఆ కలయిక వాద్యాన్ని ‘బాంజులేలీ’ పేరుతో లండన్‌లో అమ్మాడు. బ్రిటిష్ సినిమా హాస్యనటుడు జార్జ్ ఫార్మ్‌బీ ఇంటింటికీ తెలిసేలా చేశాడు.

పాత బాంజులేలీని తిరగేసి చూస్తే పనితనమంతా బయటపడుతుంది. చెక్కచట్రం మీద దూడతోలు, తోలంచున లోహపు కట్టు, ఆ కట్టును కిందికి లాగే కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో నట్టు. నాలుగు తీగల బరువు మోసే గుర్రం (బ్రిడ్జి) నిలబడేది తోలు మీదే. వానాకాలం తోలు చెమ్మగిల్లితే గుర్రం కుంగుతుంది, శ్రుతి జారుతుంది. అప్పుడు నట్లన్నీ సమంగా బిగించుకోవాలి. ఒక పక్కే బిగిస్తే తోలు చిరుగుతుంది. మన కంజీర వాయించేవాళ్లకి చెమ్మకు తోలు సడలే ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు.

మా బాంజో వంశం మాత్రం జపానుది. నగోయాకు చెందిన మొరిటా గోరో 1912లో టైప్‌రైటర్ మీటల పద్ధతిని తీగల వాద్యానికి అతికించి తైషోగోటో చేశాడు. అదే మన దేశానికొచ్చి బుల్‌బుల్ తరంగ్ అయింది, బలూచిస్తాన్‌లో బెంజూ అయింది, కవ్వాలీ బృందాల్లో బాంజో అయింది. వాద్యం ఒక దారిన, పేరు ఇంకో దారిన వచ్చాయన్నమాట. సా రీ గా కుదిరిందో లేదో చూసుకునే శ్రోతకి ఈ వంశవృక్షంతో పనేముంది?

నాకు వింతగా తోచేది ఇంకొకటి. అమెరికా బాంజోకి పోలికలున్న వాద్యం మా సరిహద్దు దాటగానే కన్నడసీమలో ఉంది. అదే ఎల్లమ్మ దేవతకు అంకితమైన జోగతులు వాయించే చౌడికె. గుండ్రటి కొయ్యడొల్ల, అడుగున తోలు, ఆ తోలు నడిమధ్య నుంచి బయల్దేరిన ఒకే ఒక్క తీగ, పక్కనున్న కర్ర కొసన బిరడా. దాన్నెవరూ బాంజో అనరు. ఎడమ చంకలో ఇరికించుకుని చిన్న పుల్లతో మీటితే తోలూ తీగా కలిసే పలుకుతాయి.