ఉగ్గుగిన్నె – పాలసీసా

విజయనగరంలోని మా ఇంటి అటక దులుపుతుండగా ఒక చిన్న ఇత్తడి పాత్ర దొరికింది. అరచేతిలో ఇమిడేటంత గిన్నె. ఒక పక్క పిచ్చుక ముక్కులా సాగిన కొమ్ము. మా అమ్మమ్మ నాటి ఉగ్గుగిన్నె. "ఉగ్గుపాలతో అబ్బిన విద్య" అని అలవోకగా అనేస్తాము గాని, ఆ ఉగ్గు పట్టిన పాత్రను చూసినవారు నేడు తక్కువే. దాన్ని చింతపండుతో తోమి, మా మనుమరాలి పాలసీసా పక్కన నిలబెట్టి చాలాసేపు చూశాను. రెండింటి పనీ ఒకటే; నడిచివచ్చిన దారులు మాత్రం వేరు.

మన ప్రాంతంలో కంచరపని అనగానే గుర్తుకు వచ్చే ఊరు శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి. కంచు, ఇత్తడి కరిగించి పాత్రలు పోతపోసే అక్కడి పనితనానికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడా లభించింది. మా గిన్నె ఏ ఊరి కంచరి చేతిలో రూపుదిద్దుకున్నదో చెప్పేవారు లేరు. కాని చేసినవాడు ఒక సంగతి ఎరుగును: ఇందులో వేలు చొరని మూల ఒక్కటీ లేదు. గిన్నె నోరు తెరచి ఉంటుంది, కొమ్ము పైభాగమూ తెరచే ఉంటుంది. కడిగితే మురికి దాగదు.

పాలసీసా చరిత్ర అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది. 1845లో న్యూయార్కుకు చెందిన ఎలైజా ప్రాట్ రబ్బరు పాలపీకకు పేటెంటు పొందాడు. తరువాత ఐరోపాలో గాజుసీసాలోకి పొడవాటి రబ్బరు గొట్టం దించిన నమూనా ప్రబలింది. పక్కన పడుకోబెడితే బిడ్డ తానే చప్పరించేది, తల్లికి తీరిక. కాని ఆ గొట్టం లోపల పాలు విరిగి సూక్ష్మజీవులు పెరిగేవి. ఎందరో పసికందులు విరేచనాలతో మరణించారు. ఇంగ్లండులో వాటికి "హంతక సీసాలు" అన్న పేరు వచ్చింది. ఫ్రాన్సు 1910లో చట్టం చేసి నిషేధించింది. సులువుగా కడగడానికి రెండు కొసలా తెరచుకొనే పడవ ఆకారపు సీసాలు, వెడల్పు మూతి సీసాలు ఆ పాఠం నేర్చుకున్న తరువాత వచ్చినవే.

ఇక నోటి సంగతి. తల్లి రొమ్ము వద్ద బిడ్డ నోరు బాగా తెరచి, చనుమొనతోపాటు చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని కూడా లోనికి తీసుకుంటుంది. నాలుక అలలా కదులుతుంది, దవడ శ్రమిస్తుంది. పాలపీక దగ్గర ఆ శ్రమ మారిపోతుంది. రంధ్రం పెద్దదైతే పాలు ధారకట్టి బిడ్డ ఉక్కిరిబిక్కిరి అవుతుంది, చిన్నదైతే అలసిపోతుంది. ఏళ్ళ తరబడి సీసా అలవాటుకూ పళ్ళ వరుస తేడాలకూ సంబంధం ఉన్నట్లు అనేక అధ్యయనాలు చూపాయి. నోట్లో సీసా ఉంచుకొని నిద్రపోయే పిల్లలకు ముందుపళ్ళు పుచ్చిపోవడం దంతవైద్యులందరూ ఎరిగినదే.

ఉగ్గుగిన్నెలో చప్పరింపు లేదు. బిడ్డ తల ఎత్తి ఒడిలో పెట్టుకొని, కొమ్మును పెదవి మూలకు ఆనించి కొద్దికొద్దిగా వంచాలి. మింగేదాకా ఆగాలి. ఇదే పాత్రను తమిళులు పాలాడై అంటారు. వైద్యగ్రంథాలకు ఎక్కింది ఆ పేరే, మన పేరు ఎక్కలేదు. 1999లో అచ్చయిన ఒక భారతీయ అధ్యయనం సీసా, కప్పు, పాలాడైలను పోల్చి, పాలాడైతో పసికందులు తక్కువ సమయంలో ఎక్కువ పాలు తాగి ప్రశాంతంగా ఉన్నారని తేల్చింది. రొమ్ము పట్టలేని బలహీన శిశువులకు పిండిన తల్లిపాలు పట్టడానికి నవజాత శిశు విభాగాల్లో నేటికీ అది వాడుకలో ఉంది. 1992లో మన పార్లమెంటు చట్టం చేసి పాలసీసాల ప్రకటనలను నిషేధించింది. అంటే ప్రకటన లేకుండానే గిన్నె నిలిచింది.

ఇంతవరకు వ్రాసి, పూర్వులను పొగిడి ముగిస్తే అది సగం నిజమే అవుతుంది. ఆ గిన్నెలో మనవారు పోసినది ఏమిటి? ఆముదం, అరగదీసిన వస, తేనె. బిడ్డ ఏడుస్తుండగా పోసిన ఆముదం ఊపిరితిత్తులలోకి జారి న్యుమోనియా తెచ్చిన సందర్భాలు దక్షిణాది వైద్యులు నమోదు చేశారు. తొలి ముర్రుపాలను పిండి పారబోసి వీటిని పట్టిన ఇళ్ళెన్నో. ఇక లోహం: కళాయి లేని ఇత్తడి పాత్రల్లో కాచి నిలవచేసిన పాలలోకి దిగే రాగికీ, పసిపిల్లల కాలేయాన్ని గట్టిపరచి ప్రాణం తీసిన వ్యాధికీ సంబంధం ఉండవచ్చని 1983లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశోధన సూచించింది. ఇంటింటికీ వచ్చి కళాయి వేసే మనిషి పసిపిల్లల ప్రాణాలకు కాపలా అని అప్పట్లో ఎవరికి తోచి ఉంటుంది?

అందుకే ఆసుపత్రులు ఆ రూపాన్ని నిలుపుకొని, లోహాన్ని స్టీలుగా మార్చి, ఉగ్గును తీసేసి తల్లిపాలు పోశాయి. సంప్రదాయాన్ని గౌరవించడమంటే ఇదేనని నాకు తోచింది. మా మనుమరాలికి ఆ ఇత్తడి గిన్నెతో పాలు పట్టలేదు. అలాగని దాన్ని తిరిగి అటకపైకీ ఎక్కించలేదు. నా బల్లమీదే ఉంది.

మీ ఇళ్ళలో ఉగ్గుగిన్నెలు ఉన్నాయా? మీ వైపు వాటిని ఏమని పిలుస్తారో తెలిపితే సంతోషిస్తాను.