పొగ గొట్టానికో రిజిస్టరు: 1863 నుంచి విశాఖ దాకా

జీఎస్-3 చదివే మనలో చాలామందికి చింతలనార్ పేరు అంతర్గత భద్రత నోట్స్‌లోనే తగులుతుంది. 2010 ఏప్రిల్ 6న ఈ ఊరి దగ్గర 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. ఆ తారీఖు, ఆ అంకె బట్టీ పట్టి ముందుకు వెళ్లిపోతాం. నేను ఈ వ్యాసం అదే చింతలనార్‌లో, మా మేనమామ కిరాణా కొట్టు వెనక గదిలో కూర్చుని రాస్తున్నాను. ప్రిలిమ్స్ అయిపోయాక కొన్నాళ్లు ఇక్కడ ఉందామని వచ్చాను. ఇక్కడ పొగ అంటే పొయ్యి పొగ, లేదంటే కరెంటు పోయినప్పుడు జనరేటర్ పొగ. ఫ్యాక్టరీ చిమ్నీ అనేది లేదు.

మరి చిమ్నీ లేని ఊళ్లో కూర్చుని చిమ్నీల చరిత్ర ఎందుకంటారా? పక్కనే ఉన్న దంతెవాడ జిల్లా బైలాడిలా కొండల నుంచి తవ్విన ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో విశాఖకు పోతుంది. తవ్వేది ఒకచోట, పొగ లేచేది ఇంకోచోట. మన పాఠం అసలు జరిగింది కూడా ఆ విశాఖలోనే. అక్కడికి వచ్చే ముందు కొంచెం వెనక్కి వెళ్దాం.

ఫ్యాక్టరీ గాలిలోకి ఏం వదులుతోందో ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలన్న ఆలోచన 1863లో బ్రిటన్‌లో చట్టమైంది. దాని పేరు ఆల్కలీ యాక్ట్. అప్పట్లో సబ్బులకు, గాజుకు కావలసిన సోడాను లెబ్లాంక్ పద్ధతిలో ఉప్పు నుంచి తయారుచేసేవారు. ఆ క్రమంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాయువుగా బయటికొచ్చి చుట్టుపక్కల పొలాలను, చెట్లను కాల్చేసేది. చట్టం రెండు మాటలు చెప్పింది: ప్రతి ఆల్కలీ కర్మాగారం నమోదు కావాలి, ఆ వాయువులో కనీసం 95 శాతాన్ని నీటిలో పట్టి ఆపాలి. చూడటానికి ఒక చీఫ్ ఇన్‌స్పెక్టర్, ఆయన కింద నలుగురు సబ్ ఇన్‌స్పెక్టర్లు. ఆ చీఫే రాబర్ట్ ఆంగస్ స్మిత్. ‘ఆమ్ల వర్షం’ అన్న మాటతో ఆయన పేరు ప్రిలిమ్స్ పుస్తకాల్లో చూసే ఉంటారు.

ఈ 95 శాతం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఇంజనీరింగ్ చదివినవాళ్లకు ఇందులోని చిక్కు వెంటనే దొరకాలి. ఫ్యాక్టరీ రోజుకు 100 టన్నుల వాయువు పుట్టిస్తే 5 టన్నులు వదలొచ్చు. ఉత్పత్తి మూడింతలు చేస్తే 15 టన్నులు వదలొచ్చు. రెండు సందర్భాల్లోనూ రిజిస్టరులో ‘95 శాతం పాటించారు’ అనే ఉంటుంది. పక్క పొలం రైతుకు మాత్రం పంట మూడింతలు మాడుతుంది. ఇది గమనించి 1874లో శాతంతో పాటు గాఢత పరిమితి కూడా పెట్టారు, ఒక ఘనపుటడుగు గాలికి 0.2 గ్రెయిన్ల ఆమ్లం మించకూడదని. అయినా మొత్తం ఎంత వదులుతున్నారన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. మన దగ్గర నేటికీ చాలా ప్రమాణాలు ఘనపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అనే భాషలోనే ఉన్నాయి. మెయిన్స్‌లో ‘గాఢతా? మొత్తం భారమా?’ అని ఒక వాక్యం రాయగలిగితే మీ జవాబు మిగతావాళ్లతో కలిసిపోదు.

భారతదేశంలో మొదట కలకత్తా. జనపనార మిల్లుల బొగ్గు పొగ మీద 1905లో బెంగాల్ స్మోక్ న్యూసెన్సెస్ యాక్ట్, 1912లో బొంబాయిలో అలాంటిదే మరొకటి వచ్చాయి. ఇవి పొగ నలుపును చూసేవి. లోపల ఏ వాయువు ఉందన్నది వాటికి పట్టలేదు. కంటికి కనిపించని దాన్ని లెక్కరాయడం మన చట్టాల్లోకి రావడానికి మరో 70 ఏళ్లకు పైగా పట్టింది.

1972 జూన్‌లో స్టాక్‌హోం సదస్సు. అక్కడి నిర్ణయాల అమలుకని పార్లమెంటు 253వ అధికరణం కింద 1981లో వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం చేసింది. జల చట్టం 1974లో 252వ అధికరణం కింద, రాష్ట్రాల తీర్మానాల మీద వచ్చింది. ఈ తేడా ప్రిలిమ్స్‌కి పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి. వాయు చట్టానికి గుండెకాయ సెక్షన్ 21. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ముందస్తు సమ్మతి లేకుండా, వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించిన చోట ఎవరూ పరిశ్రమ పెట్టకూడదు, నడపకూడదు. మొదట్లో ఇది షెడ్యూల్‌లో ఉన్న పరిశ్రమలకే వర్తించేది. 1984 డిసెంబరులో భోపాల్ జరిగాక, 1987 సవరణతో ఆ షెడ్యూల్ తీసేసి అన్ని పరిశ్రమలనూ దీని కిందికి తెచ్చారు. మధ్యలో 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం. దాని నిబంధనల్లోనే చిమ్నీ ఎత్తుల సూత్రాలు కూడా ఉంటాయి. జనరేటర్‌కైతే భవనం ఎత్తుకు, దాని కేవీఏ వర్గమూలాన్ని 0.2తో గుణించి కలపాలి. 100 కేవీఏ జనరేటర్ ఉంటే కప్పు మీద ఇంకో 2 మీటర్లు. మా మామయ్యకి ఈ లెక్క చెప్తే నవ్వి, ‘ముందు వంద కేవీఏ కొనిపెట్టరా’ అన్నాడు.

1992లో ఆ నిబంధనల్లోకి 14వ నిబంధన వచ్చింది. సమ్మతి తీసుకున్న ప్రతి పరిశ్రమా ఏటా మార్చి 31తో ముగిసే సంవత్సరానికి పర్యావరణ నివేదికను ఫారం-5లో నింపి, సెప్టెంబరు 30 లోపు మండలికి ఇవ్వాలి. ఎంత నీరు వాడారు, ఏ ముడిసరుకు ఎంత, గాలిలోకి ఏం వదిలారు, ప్రమాణం కంటే ఎంత తేడా ఉంది, అన్నీ అందులో ఉంటాయి.

నేను ఫారం-5 నింపాను. బీటెక్ నాలుగో ఏడాదిలో, కెమికల్ ఇంజనీరింగ్ ఇంటర్న్‌షిప్‌లో. ఏ కంపెనీ అన్నది వద్దు. పాత ఫైలు నా ముందు పెట్టి, ‘పోయినేడుది చూసి అంకెలు కాస్త అటూ ఇటూ చేసి నింపెయ్’ అన్నారు. బాయిలర్ చిమ్నీ ధూళి కాలమ్‌లో అంతకుముందు ఏడాది 112 ఉంది. నేను 109 వేశాను. ఎందుకు 109? కాస్త తగ్గితే బాగుంటుందనిపించింది, అంతే. ఆ చిమ్నీ దగ్గరికి నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆ కాగితం మీద సంతకం నాది కాదు, కానీ ఆ అంకె నాది. తర్వాత మాక్ టెస్టులో ‘స్వీయ నివేదన విధానం పారదర్శకతను పెంచింది’ అని రాస్తే మంచి మార్కులే వచ్చాయి.

ఈ కథ చెప్పడానికి కారణం ఉంది. 1863 నుంచీ ఈ రిజిస్టరు రెండు కాళ్ల మీద నిలబడింది: పరిశ్రమ తన గురించి తాను చెప్పేది, ఇన్‌స్పెక్టర్ వచ్చి సరిచూసేది. రెండో కాలు కుంటిదైతే మొదటిది నాలాంటి ఇంటర్న్ చేతిలో పడుతుంది. చట్టంలో సెక్షన్ 26 నమూనా తీసే పద్ధతి పకడ్బందీగానే రాసింది. అధికారి అక్కడికక్కడే నోటీసిచ్చి, యజమాని లేదా ఆయన మనిషి ఎదుట నమూనా తీసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టి ల్యాబ్‌కి పంపాలి. అలా తీయని నమూనా కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. 2014 ఫిబ్రవరిలో కేంద్ర మండలి 17 రకాల అధిక కాలుష్య పరిశ్రమలకు ఆన్‌లైన్ పర్యవేక్షణ యంత్రాలు తప్పనిసరి చేసింది. అంకె మనిషి చేతిలోంచి సెన్సర్‌లోకి మారింది. మంచిదే. అయితే సెన్సర్ ఎక్కడ పెడితే అక్కడి సంగతే చెప్తుంది.

ఇప్పుడు విశాఖకు వద్దాం. ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలై, 1997లో దక్షిణ కొరియా ఎల్‌జీ కెమ్ చేతికి వచ్చింది. 2020 మే 7 తెల్లవారుజామున, లాక్‌డౌన్ తర్వాత ఫ్యాక్టరీ తిరిగి తెరవబోతున్న రోజుల్లో, ఎం-6 అనే నిల్వ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. నిద్రలోంచి లేచి పరిగెత్తి రోడ్ల మీద పడిపోయినవాళ్ల దృశ్యాలు మీరూ టీవీలో చూసే ఉంటారు.

ఈ కర్మాగారం రికార్డుల్లో లేనిదేం కాదు. దానికి రాష్ట్ర మండలి సమ్మతి ఉంది. లేనిది ఇంకొకటి. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్ కింద ఇలాంటి పరిశ్రమ విస్తరణకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. ప్రమాదానికి ఏడాది ముందు, 2019 మేలో, ఆ సంస్థే రాష్ట్రస్థాయి పర్యావరణ ప్రభావ మదింపు సంస్థకిచ్చిన అఫిడవిట్‌లో, తాము ఉత్పత్తి చేస్తున్న పరిమాణానికి తగిన చెల్లుబాటయ్యే అనుమతి తమ దగ్గర లేదని రాసిచ్చింది. అంటే విషయం దాచలేదు. కాగితం మీద ఉంది, ప్రభుత్వ కార్యాలయంలోనే ఉంది. అయినా ఫ్యాక్టరీ నడిచింది. 2020 జూన్ 1న జాతీయ హరిత ట్రైబ్యునల్, చట్టబద్ధ అనుమతులు లేకుండా నడవనిచ్చిన బాధ్యులను గుర్తించి చర్య తీసుకోమని రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని ఆదేశించింది. దానికి ముందే, ప్రమాదం జరిగిన మర్నాడే, 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమని సంస్థకు చెప్పింది.

నన్ను ఎక్కువగా ఆపేసింది మరో విషయం. ఆ ఆవిరి చిమ్నీ నుంచి రాలేదు. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ 2020 జులైలో నివేదిక ఇచ్చింది. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగుభాగంలో ఉంది, పైభాగంలో లేదు. పైన వేడెక్కి స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారడం మొదలైంది. దాన్ని ఆపే టీబీసీ అనే రసాయనం సరిపడా లేదు. సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉన్నా ఎవరూ మోగించలేదు. వాయు చట్టం నిర్వచనంలో ‘ఉద్గారం’ అంటే చిమ్నీ, డక్ట్ నుంచి మాత్రమే కాదు, మరే దారి నుంచి బయటికొచ్చినా అదే. సెక్షన్ 23 ప్రకారం ప్రమాదవశాత్తు ప్రమాణం మించి వెలువడితే వెంటనే మండలికి తెలపాలి. 1989 ప్రమాదకర రసాయనాల నిబంధనల జాబితాలోనూ స్టైరీన్ ఉంది. అన్నీ ఉన్నాయి. కానీ మన ఫారాలు, మన ప్రమాణాలు, నేను నింపిన ఆ కాలమ్, అన్నీ రోజూ పొగ వదిలే గొట్టం వైపే చూస్తాయి. ఊరికే నిలబడి ఉన్న ట్యాంకు వైపు చూసే కాలమ్ అందులో నాకు కనిపించలేదు.

ఇక నోట్స్‌లో ఎవరూ రాయని సెక్షన్ ఒకటి చెప్తాను. వాయు చట్టం సెక్షన్ 51. ప్రతి రాష్ట్ర మండలీ సమ్మతి పొందినవాళ్ల వివరాలు, ఒక్కో సమ్మతికి విధించిన ఉద్గార ప్రమాణాలు ఒక రిజిస్టరులో రాసిపెట్టాలి. ఆ ప్రమాణాల వల్ల ప్రభావితమయ్యే, లేదా వాటిలో ఆసక్తి ఉన్న ఎవరైనా, లేదా వాళ్లు పంపిన మనిషైనా, తగిన వేళల్లో వచ్చి దాన్ని చూసుకోవచ్చు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దానికి 24 ఏళ్ల ముందే ఈ తలుపు తెరిచి ఉంది. జల చట్టం సెక్షన్ 25లోనూ ఇలాంటి రిజిస్టరే ఉంది. ఫ్యాక్టరీ ప్రహరీ పక్కన బతికేవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పారు? నాలుగేళ్లు కెమికల్ ఇంజనీరింగ్ చదివిన నాకే ఎవరూ చెప్పలేదు. రెండో అటెంప్ట్‌కి బేర్ యాక్ట్ చివరిదాకా చదివితే దొరికింది.

ఈ మధ్య మార్పులు త్వరగా చూసుకోండి. 2016లో పరిశ్రమలకు కాలుష్య సూచీ కట్టి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు వర్గాలు చేశారు. 2023 జన్ విశ్వాస్ చట్టం వాయు చట్టంలోని చాలా జైలు శిక్షలను జరిమానాలుగా మార్చింది, ఆ మార్పులు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. తర్వాత తెలుపు వర్గానికి సమ్మతి అవసరం లేకుండా చేశారు. వ్యాపార సౌలభ్యం కోణంలో దీన్ని సమర్థిస్తూ రాయవచ్చు, నేనూ కొంతవరకు సమర్థిస్తాను. అగరబత్తి చుట్టేవాడిని మండలి చుట్టూ తిప్పడంలో అర్థం లేదు. అయితే సమ్మతి ఉంటేనే సెక్షన్ 51 రిజిస్టరులో పేరుంటుంది. సమ్మతి అక్కర్లేని చోట పొరుగువాడు తెరిచి చూడ్డానికి పుటే ఉండదు. ఈ ముక్క మీ జవాబులో ‘సవాళ్లు’ కింద పెట్టుకోండి.

నేను ఇంటర్న్‌షిప్ చేసిన ఫ్యాక్టరీకి రెండు కిలోమీటర్ల దూరంలో మా బ్యాచ్‌మేట్ వాళ్ల ఊరుంది. పోయిన వారం ఇక్కడ సిగ్నల్ దొరికినప్పుడు వాడికి ఫోన్ చేసి ఆ 109 సంగతి, సెక్షన్ 51 సంగతి రెండూ చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ‘మా నాన్న వెళ్తాడంట, దరఖాస్తులో ఏం రాయాలో పంపు’ అన్నాడు. అర పేజీ రాశాను. సమ్మతి ఉత్తర్వు, విధించిన ప్రమాణాలు, నిల్వ ట్యాంకుల గురించి అందులో ఏమైనా రాశారా అన్నది, ఈ మూడూ అడిగాను. మీ ఊరి దగ్గర ఫ్యాక్టరీ ఉండి ఆ అర పేజీ కావాలంటే చెప్పండి, ఇస్తాను.