మైళ్ళు లెక్క రాసుకున్న మనిషి

1827లో జరీనా లీ 2,325 మైళ్ళు ప్రయాణం చేసి 178 ప్రసంగాలు చేసింది. ఈ లెక్క ఆమె స్వయంగా రాసిపెట్టుకున్నది. ఆమె దినచర్య మొదటిసారి చదివినప్పుడు ఈ అంకెలు నాకు విసుగు పుట్టించిన మాట నిజం. ఏ ఊరికి ఎన్ని మైళ్ళు, ఎవరింట బస, ఏ వాక్యం మీద ప్రసంగం - అంతా కరణంగారి చిట్టాలా సాగుతుంది. ఒక జీవితం తెలుసుకుందామని కూర్చుంటే దూరాలు చేతికొచ్చాయేమిటా అనుకున్నాను. ఆమె బతుకును మొదటినుంచీ పేర్చుకుంటూ వచ్చాక గానీ ఆ లెక్క ఎందుకో బోధపడలేదు.

1783లో అమెరికాలోని న్యూజెర్సీలో, కేప్ మే అనే చోట పుట్టింది. నల్లజాతి పిల్ల, అయితే బానిస కాదు. ఏడేళ్ళకే కన్నవారికి అరవై మైళ్ళ దూరంలో ఒకరింట పనికి కుదిరింది. యౌవనంలో ఫిలడెల్ఫియాలో రిచర్డ్ అలెన్ ప్రసంగం విని మెథడిస్టు సంఘంలో చేరింది.

ఈ అలెన్ సామాన్యుడు కాడు. బానిసగా పుట్టి, తన స్వేచ్ఛను తానే కొనుక్కున్నవాడు. తెల్లవారి గుడిలో నల్లవారిని వేరుగా కూర్చోబెట్టడం సహించలేక బయటికి నడిచి, 1794లో బెతెల్ అనే సొంత గుడి నెలకొల్పాడు. 1816లో ఏర్పడిన ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘానికి తొలి బిషప్ ఆయనే.

అప్పట్లో మెథడిస్టు బోధకుడికి ఒకచోట కాలు నిలిచేది కాదు. కొన్ని ఊళ్ళను ఒక చుట్టుగా కట్టి అప్పగించేవారు. ఆ చుట్టంతా తిరుగుతూ బోధించాల్సి ఉండేది. తనకూ ఆ పిలుపు వచ్చిందని జరీనా అలెన్ దగ్గరికి వెళ్ళింది. స్త్రీలు బోధించడానికి మన నియమావళిలో చోటు లేదన్నాడాయన. ఒక వివక్షను ఎదిరించి బయటికొచ్చినవాడు మరో తలుపు దగ్గర కాపలా నిలబడ్డాడు!

క్రీస్తు పురుషుడి కోసం చనిపోయినట్టే స్త్రీ కోసమూ చనిపోయాడు కదా, మరి ఆమె ఎందుకు బోధించకూడదని జరీనా తరవాత తన పుస్తకంలో అడిగింది. లేచిన క్రీస్తును గురించి మొట్టమొదట చెప్పింది మరియ కాదా అని గుర్తుచేసింది. ఈ ప్రశ్నకు నాకైతే జవాబు తోచదు.

1811లో జోసెఫ్ లీ అనే బోధకుణ్ణి పెళ్ళాడింది. ఆరేళ్ళలో భర్తతో కలిపి ఇంట్లో అయిదుగురు పోయారు. ఇద్దరు పసివాళ్ళు మిగిలారు.

1819లో ఒకరోజు బెతెల్‌లో బోధకుడొకాయన యోనా కథ మీద ప్రసంగిస్తూ మధ్యలో తడబడ్డాడు. జరీనా చటుక్కున లేచి అందుకుంది. దేవుడి మాట వినక పారిపోయిన యోనాను నేనేనని, ఇన్నేళ్ళూ జాగు చేశానని చెప్పింది. వెలివేస్తారేమోనని వణుకుతూ కూర్చుంది. అలెన్ లేచాడు. ఎనిమిదేళ్ళ కిందట ఈమె నన్ను అడిగిందని, నేను కాదన్నానని నిండు సభలో ఒప్పుకున్నాడు. ఈమెకు పిలుపు నిజంగా వచ్చిందని ఇప్పుడు నమ్ముతున్నానన్నాడు.

అప్పటినుంచి నడక, బండి, పడవ. జబ్బుగా ఉన్న కొడుకును ఇతరుల దగ్గర వదిలి వెళ్ళిన సందర్భం చదివితే మనసు కలుక్కుమంటుంది. స్వేచ్ఛ ఉన్న నల్లవారిని సైతం ఎత్తుకుపోయి అమ్ముకునే రోజుల్లో బానిస రాష్ట్రమైన మేరీలాండ్‌లో బోధించింది. ఆమె మాటలు వినడానికి బానిసలు ఇరవై, ముప్ఫై మైళ్ళు నడిచి వచ్చేవారట.

1836లో తన జీవితకథను సొంత ఖర్చుతో వెయ్యి ప్రతులు అచ్చువేయించి, సభల్లోనూ వీధుల్లోనూ అమ్ముకుంది. దాన్ని పెంచి రాస్తే, అర్థం కావడంలేదంటూ సంఘం ప్రచురించడానికి నిరాకరించింది. 1849లో తనే మళ్ళీ అచ్చువేయించుకుంది. 1852లో సంఘ మహాసభ స్త్రీలకు బోధించే అనుమతి ఇచ్చేది లేదని తేల్చింది. 1864లో ఆమె చనిపోయింది. ఆ సంగతి బయటపడడానికి చరిత్రకారులకు శతాబ్దానికి పైనే పట్టింది.

ఆ మైళ్ళ చిట్టా ఎందుకో ఇప్పుడు చెప్పగలను. పట్టా చేతిలో ఉన్న బోధకుడికి లెక్కతో పనిలేదు, అతని పేరు సంఘం పుస్తకంలో ఉంటుంది. ఆమె పేరు రాసే పుస్తకం లేదు. కాబట్టి తన సాక్ష్యం తనే రాసుకుంది.

2016లో ఆ సంఘమే మరణానంతరం ఆమెకు బోధకురాలి పట్టా ఇచ్చింది. చనిపోయిన 152 ఏళ్ళకు! ఆమె అడిగిన రోజునుంచి లెక్కేస్తే రెండు వందల ఏళ్ళు దాటింది.