బడిజీతమును మతమును

మా విడపనకల్లు సీమలో వాన తప్పిన యేట బిడ్డ చదువునకు తొలి యడ్డంకి బడిజీతమే. 1882లో అనంతపురము వేఱు జిల్లా యగువఱకు ఈ సీమ బళ్లారి జిల్లాలోనిది. ఆ బళ్లారికి 1810లో లండన్ మిషనరీ సొసైటీ పక్షమున జాన్ హాండ్సు దొర వచ్చెను. పిమ్మట వెలసిన మిషను బోర్డింగు బడులలో క్రైస్తవులయిన పేదల బిడ్డలకు జీతము తగ్గించి, కూడుగుడ్డ లిచ్చుట వాడుక. మతము చేరిన జీతము తగ్గెడిది.

1950లో తక్కెడ తిరుగఁబడెను. ఆ యేటి రాష్ట్రపతి యుత్తరువు క్రైస్తవులను షెడ్యూల్డు కులముల జాబితా వెలుపల నుంచెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును తెఱచిన ద్వారము వారికి తెఱవఁబడలేదు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1970లో అట్టివారిని వెనుకఁబడిన తరగతుల 'సి' వర్గమునఁ జేర్చి 1 శాతము కేటాయించెను. 1977లో చట్టబద్ధము గాని కొన్ని రాయితీల నొసఁగెను.

ఒక్క పేటలో అన్నబిడ్డకును తమ్మునిబిడ్డకును పేదఱికము ఒక్కటే. పత్రములు మాత్రము వేఱు. మతము మనస్సాక్షికి చెందినది, జీతము ఆఁకలికి చెందినది. ఈ రెంటిని ముడివేయుట ఏ పక్షమునకును తగదు. కావున పోషకులు మతమడుగక బిడ్డ జీతము కట్టు విద్యానిధిని మన సంఘమున నెలకొల్పుదురు గాక యని ప్రార్థించుచున్నాము.