కాకతీయ పత్రికలో "విజయ" ఎవరు?

మొన్న దసరాకి హన్మకొండ వెళ్లినప్పుడు నాన్న నా లాప్‌టాప్ వైపు తొంగి చూసి అడిగాడు.

"ఏందిరా, ఇంకా ఆ నవలేనా?"

"లేదు నాన్నా, అది ఆపిన. ఇది వేరే కథ."

"మరి పోయినసారి ఏదో అనువాదం అన్నవు?"

"అది కూడా నడుస్తుంది."

నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నిన్ను నువ్వు పీవీ అనుకుంటున్నవా?" అని నవ్వి టీవీ పెట్టుకున్నాడు.

వెక్కిరింపే. కానీ ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. పీవీ అంటే నాకు తెలిసింది అందరికీ తెలిసిందే... 1991, ఆర్థిక సంస్కరణలు, మూతి బిగించిన ఫోటో, ఇన్ని భాషలు వచ్చు అన్ని భాషలు వచ్చు అనే లెక్కలు. ఆయన నవలాకారుడు అని తెలుసు గానీ దాన్నెప్పుడూ సీరియస్‌గా తీసుకోలేదు. పదవి దిగినాయన పుస్తకం రాయడం మామూలేగా అనుకున్నాను. హైదరాబాద్ తిరిగొచ్చాక కాస్త చదవడం మొదలుపెడితే, నా అంచనా పూర్తిగా తలకిందులని తేలింది. ఆయన రాతల్లోకి వెళ్లింది రాజకీయాల్లోంచి కాదు. దాదాపు రెండూ ఒకేసారి మొదలుపెట్టి, చివరిదాకా రెండిటినీ పక్కపక్కనే మోశారు.

పీవీ పుట్టింది 1921 జూన్ 28న, నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో. దత్తత వెళ్లింది వంగరకి. (మా చిన్నప్పుడు వంగర కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హన్మకొండ జిల్లా. ఊరు కదల్లేదు, జిల్లాలే కదిలాయి :) ) వందేమాతరం ఉద్యమంలో నిజాం రాజ్యంలో చదువుకునే దారి మూసుకుపోయాక పూణె ఫెర్గూసన్ కాలేజీ, ఆ తర్వాత నాగపూర్‌లో లా. మరాఠీ గట్టిగా వంటబట్టింది ఈ రోజుల్లోనే. రజాకార్ల కాలంలో చాందా సరిహద్దు క్యాంపులో పనిచేశారు.

ఇక అసలు కథ ఇక్కడ. 1940ల చివర వరంగల్ నించి "కాకతీయ పత్రిక" అనే వారపత్రిక వచ్చేది. నడిపింది పీవీ, ఆయన బంధువు పాములపర్తి సదాశివరావు. ఇద్దరూ కలిసి "జయ-విజయ" అనే జంట పేరుతో రాసేవారు. వైకుంఠం వాకిట్లో కాపలా కాసే ద్వారపాలకుల పేర్లు! ఇరవై ఏడేళ్ల కుర్రాడు పెట్టుకునే పేరేనా అది? లోపలికి ఎవరు వెళ్తున్నారో, ఎవరు వస్తున్నారో గుమ్మం దగ్గర నిలబడి చూసేవాళ్లు. తర్వాత యాభై ఏళ్లకి ఆయన నవలకి పెట్టుకున్న పేరు "ది ఇన్‌సైడర్" అని గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. వాకిట్లో మనిషి లోపలి మనిషి అయ్యాడు.

ఆ పత్రికలోనే 1949లో "విజయ" పేరుతో "గొల్ల రామవ్వ" కథ వచ్చింది. నిజాం పోలీసుల నించి పారిపోయి వచ్చిన ఒక కుర్రాణ్ణి ఒక ముసలమ్మ తన గుడిసెలో ఎలా కాపాడిందన్నది కథ. హైదరాబాద్ రాజ్యం పడిపోయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. అంటే చల్లారని బూడిద మీద కూర్చుని రాసిన కథ అన్నమాట. ఉద్యమకారుడు రాస్తే హీరో ఉద్యమకారుడే కావాలి కదా? కాదు, ముసలమ్మ. ఈ ఒక్క ఎంపిక చూస్తే చాలు, ఈయనకి కథ రాయడం వచ్చు అని తెలుస్తుంది.

1957లో మంథని ఎమ్మెల్యే అయ్యారు, 1962లో మంత్రి. మామూలుగా అయితే సాహిత్యం అక్కడితో సరి. కానీ ఈయన మంత్రిగా ఉంటూనే విశ్వనాథ సత్యనారాయణ "వేయిపడగలు"ని "సహస్రఫణ్" పేరుతో హిందీలోకి తెచ్చారు. 1934 నాటి ఆ నవల ఎంత లావుంటుందో ఇంట్లో కాపీ ఉన్నవాళ్లకి తెలుసు. తెలుగువాళ్లకే కొరుకుడుపడని విశ్వనాథ వాక్యాన్ని ఇంకో భాషలో కూర్చోబెట్టడం అంటే ఫైళ్ల మధ్యలో తీరిక దొరికితే చేసే పని కాదు. ఇది కాక, మరాఠీలో హరి నారాయణ ఆప్టే రాసిన నవలని "అబల జీవితం" పేరుతో తెలుగులోకి తెచ్చారు. అది పందొమ్మిదో శతాబ్దపు చివర్లో, ఒక ఆడపిల్ల తన కథ తనే చెప్పుకున్నట్టు రాసిన నవల.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఏమిటంటే, ఈ పుస్తకాలు ఒకదానితో ఒకటి సరిపడవు. "వేయిపడగలు" జమీందారీతో అల్లుకున్న పాత పల్లె వ్యవస్థ కూలిపోతోందని దిగులుపడే నవల. దాన్ని హిందీ చేసిన మనిషే 1971లో ముఖ్యమంత్రి అయ్యి భూగరిష్ఠ పరిమితి చట్టం తెచ్చారు. తన సొంత భూముల్లోనూ చాలావరకు వదులుకున్నారు. ఆ చట్టం, ముల్కీ తీర్పు తర్వాత లేచిన జై ఆంధ్ర ఉద్యమం కలిసి 1973 జనవరిలో ఆయన కుర్చీ పోయింది. పగలు ఒక ప్రపంచాన్ని కూల్చే పని, రాత్రి అదే ప్రపంచం కోసం ఏడ్చే నవల... రెండూ ఒకే టేబుల్ మీద! నాకైతే ఇందులో మోసం కనపడలేదు. కూల్చేదాని విలువ తెలిసే కూల్చాడనిపించింది. మీరు ఒప్పుకోకపోవచ్చు.

మా వృత్తివాళ్లకి ఇష్టమైన భాగం ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. రాజీవ్ గాంధీ మంత్రివర్గంలో ఉండగా, అరవై దాటిన వయసులో పీవీ కంప్యూటర్ నేర్చుకున్నారు. నేర్చుకోవడం అంటే ఆన్ చేసి ఆఫ్ చేయడం కాదు, కోబాల్, బేసిక్‌లలో ప్రోగ్రాములు రాయడం. వినయ్ సీతాపతి రాసిన జీవితచరిత్రలో ఇదంతా ఉంది. నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో సెమికోలన్ ఎక్కడ పోయిందో వెతుక్కుంటూ ఏడ్చిన రాత్రులు గుర్తొచ్చి సిగ్గేసింది.

1990 జనవరిలో "మెయిన్‌స్ట్రీమ్" పత్రికలో, ఓడిపోయిన రాజీవ్ మీద ఘాటైన వ్యాసం వచ్చింది. రచయిత పేరు "కాంగ్రెస్‌మాన్" అని మాత్రమే ఉంది. రాసింది పీవీయే. వరంగల్‌లో మొదలైన అలవాటు ఢిల్లీలో కూడా పోలేదన్నమాట. అసలు మాట చెప్పాలంటే ఆయనకి వేరే పేరు కావాలి. విజయ, కాంగ్రెస్‌మాన్, చివరికి నవలలో ఆనంద్.

"ది ఇన్‌సైడర్" 1998లో వచ్చింది. ఏడొందల పైచిలుకు పేజీలు. కల్లూరి భాస్కరం తెలుగు అనువాదం "లోపలి మనిషి". అప్పటికి పీవీ మీద కేసులు నడుస్తున్నాయి, సొంత పార్టీ పక్కన పెట్టింది. కోర్టు వాయిదాల మధ్యే ఆ నవల బయటికొచ్చింది. ఆనంద్ అఫ్రోజాబాద్ అనే రాష్ట్రానికి ముఖ్యమంత్రి అవుతాడు, భూస్వాములతో తలపడతాడు, దిగిపోతాడు. సాహిత్యంగా చూస్తే లోపాలున్నాయి. నవల మధ్యలో ఆపి రాజకీయ పాఠం చెప్పే చోట్లు చాలా ఉన్నాయి, కొన్ని పేజీలు నేను దాటేశాను కూడా. కానీ మంత్రి పదవుల పంపకం, ఢిల్లీ నించి ఫోన్ కోసం ఎదురుచూసే గదులు... ఆ లోపలి వాసన బయటివాడు రాయగలిగేది కాదు.

నవల 1973తో ఆగిపోతుంది. అంటే ప్రధానమంత్రి ఆనంద్ మనకి లేడు. 1991 జూన్‌లో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి వారం ఎలా గడిచిందో, 1992 డిసెంబర్ 6న ఆ మధ్యాహ్నం గదిలో ఏం జరిగిందో నవలగా మనకి అందలేదు. అయోధ్య గురించి మాత్రం మారుపేరు లేకుండా, తన పేరుతోనే ఒక పుస్తకం రాశారు. అది అచ్చయింది 2006లో. ఆయన 2004 డిసెంబర్ 23నే పోయారు.

అదొక సమర్థన పుస్తకం, వకీలు రాసినట్టే ఉంటుంది. ఆనంద్ అయితే తన తప్పు ఒప్పుకునేవాడేమో అని నాకో అనుమానం. "విజయ" అయితే తప్పకుండా ఒప్పుకునేవాడు.

నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. మొత్తం విని, "సరే గానీ, ఆయన రెండో భాగం మిగిలిపోయిందన్నవు. నీది మొదటి భాగం ఎక్కడిదాకా వచ్చింది?" అన్నాడు.

మూడో చాప్టర్.