భుజమెక్కిన సైకిలు

రేగడి నేలలో వాన వెలిశాక సైకిల్ తొక్కినవాళ్లకు ఈ ఆట గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. డొంకలో నాలుగు గజాలు పోయేసరికి మట్టి టైరుకు పట్టుకుంటుంది. మడ్‌గార్డులోకి చేరి ముద్ద కడుతుంది. కాసేపటికి చక్రం తిరగనని మొరాయిస్తుంది. దిగి, కంపపుల్ల విరిచి, మట్టి గీకి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగి, ఆఖరికి విసుగొచ్చి సైకిల్‌ని భుజానికెత్తుకుని ఊరు చేరడమే. గుంటూరు, ప్రకాశం, కర్నూలు పల్లెల్లో బడిపంతుళ్లూ పోస్ట్‌మ్యాన్లూ పాలవాళ్లూ ఏళ్ల తరబడి చేసిన పని ఇది. వాళ్లలో ఎవరికీ ఎవరూ కప్పు ఇవ్వలేదు. ఫ్రాన్సులో మాత్రం 1902 నుంచి ఇస్తున్నారు.

ఆ పోటీ పేరు సైక్లోక్రాస్. చలికాలంలో, రోడ్డు వదిలేసి, పొలాల్లో, తోపుల్లో, ఇసుకలో రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల చుట్టు ఒకటి గీస్తారు. పెద్ద పోటీదారులు దాని మీద దాదాపు గంటసేపు తిరుగుతారు. ఎన్ని చుట్లన్నది ముందే చెప్పరు. మొదటి రెండు చుట్లకు పట్టిన సమయం చూసి లెక్క కడతారు. దారిలో పదింట తొమ్మిది వంతులు తొక్కగలిగేలా ఉండాలన్నది నియమం. మిగతా వంతు కోసమే జనం వస్తారు. అక్కడ మెట్లుంటాయి, నిట్టనిలువు గట్లుంటాయి, నలభై సెంటీమీటర్లకు మించని చెక్కలు అడ్డంగా నిలబెట్టి ఉంటాయి. దిగాలి, ఎత్తుకోవాలి, పరుగెత్తాలి, ఎగిరి మళ్లీ సీటు మీద కూర్చోవాలి.

ఒకప్పుడు మన ఊళ్లలో వారం రోజులు సైకిల్ దిగకుండా తొక్కే వీరులు వచ్చేవారు. బడి ఆవరణలో ట్యూబ్‌లైట్లు, మైకులో పాటలు, సీటు మీదే స్నానం, సీటు మీదే భోజనం. ఆ విద్య అంతా దిగకపోవడంలో ఉంది. సైక్లోక్రాస్ విద్య దిగడంలో ఉంది. వేగం చావకుండా కుడికాలు వెనక నుంచి తిప్పి ఎడమవైపుకు తెచ్చి, నేల తాకిన మరుక్షణం పరుగందుకోవాలి. ఇది చేతగానివాడు తొక్కుడులో ఎంత మొనగాడైనా చెక్కల దగ్గర వెనకబడతాడు.

పుట్టుక గురించి రెండు కథలున్నాయి. రోడ్డు పందేల వాళ్లు చలికాలంలో ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి పక్క ఊరి దాకా పొలాలకు అడ్డంపడి పందెం వేసుకునేవారనేది ఒకటి. రెండోది సైనికుడి కథ. దానియెల్ గూసో అనే ఫ్రెంచి సిపాయి గుర్రాల మీద వెళ్లే మిత్రులతో పాటు తానూ సైకిల్ మీద అడవిలో పడి తిరిగేవాడట. గుర్రం దూకినచోట ఇతను సైకిల్ ఎత్తుకుని దూకాడు. ఆ సరదాకు నియమాలు రాసి, 1902లో ఫ్రాన్సు జాతీయ ఛాంపియన్‌షిప్ పెట్టించింది అతనే. కథల్లో ఏది ముందన్న పంచాయితీ నాకు ముఖ్యం కాదు. రెండింటిలోనూ ఇది జీతం తీసుకుని ఆడే ఆట కాదు, తీరిక వేళల ఆట. అది గుర్తుపెట్టుకోవాలి.

ఈ ఆటకు కులదైవం ఎవరని నన్నడిగితే ఎజెన్ క్రిస్తోఫ్ పేరు చెబుతాను. 1909 నుంచి 1914 దాకా వరుసగా ఆరుసార్లు, మళ్లీ 1921లో ఒకసారి ఫ్రాన్సు సైక్లోక్రాస్ ఛాంపియన్. కానీ లోకం అతన్ని గుర్తుంచుకున్నది 1913 టూర్ ద ఫ్రాన్స్‌లో ఓడిపోయినందుకు. పిరనీస్ కొండల్లో తూర్మలే కనుమ దిగుతుండగా ముందు ఫోర్కు విరిగింది. వేరే సైకిల్ తీసుకోకూడదు, ఎవరి సాయమూ పొందకూడదు అన్నది అప్పటి నియమం. క్రిస్తోఫ్ సైకిల్‌ని భుజాన వేసుకుని, ఏడుస్తూ, కొండ దిగువకు పది కిలోమీటర్లకు పైగా నడిచాడు. సెంత్ మరీ ద కంపాన్ అనే ఊళ్లో కమ్మరి కొలిమి దొరికింది. కమ్మరి పక్కన నిలబడి చెబుతున్నాడు, ఇతను తన చేతులతో ఇనుము కాల్చి, సాగగొట్టి, ఫోర్కు అతుకుతున్నాడు. పందెం అధికారులు కళ్లార్పకుండా చూస్తున్నారు. గంటలు గడిచాయి. రెండు చేతులూ పనిలో ఉండగా కొలిమితిత్తి ఊదడానికి మూడో చెయ్యి కావాలి కదా! ఒక కుర్రాడు ఊదాడు. పరసాయం పొందినందుకు అధికారులు పది నిమిషాల జరిమానా వేశారు. తర్వాత దయతలచి మూడుకు తగ్గించారు. అంత ఆలస్యమయ్యాక ఆ మూడు నిమిషాలతో ఎవరికి ఏం ఒరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అంత జరిగినా అతను ఆ టూర్ ముగించాడు, ఏడో స్థానంలో.

రోడ్డు పందేల చరిత్రలో అదొక విషాద ఘట్టం. చలికాలమంతా సైకిల్ మోసిన మనిషికి మాత్రం ఆ నడక కొత్త కాదు. అంతకు మూడేళ్ల ముందు, 1910లో, ఓక్తావ్ లాపీజ్ టూర్ గెలిచాడు. తన గెలుపు వెనక చలికాలపు సైక్లోక్రాస్ సాధన ఉందని అతనే చెప్పుకున్నాడు. ఆ మాటతో ఆటకు పరువొచ్చింది, పొరుగు దేశాలకూ పాకింది. అదే 1910లో బెల్జియం తన జాతీయ పోటీ మొదలుపెట్టింది, 1912లో స్విట్జర్లాండ్. లాపీజ్ మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడుపుతూ 1917లో చనిపోయాడు. 1950లో పారిస్‌లో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగినప్పుడు గెలిచింది కూడా టూర్ వీరుడే, 1947 విజేత జాఁ రోబిక్.

ఇక ఔత్సాహికుల సంగతి. మొదట్లో అందరూ కలిసే పోటీపడేవారు. 1967 నుంచి ప్రపంచ పోటీని రెండుగా చీల్చారు: వృత్తి ఆటగాళ్లకు ఒకటి, అమెచ్యూర్లకు ఒకటి. దీని వెనక ఉన్నది ఒలింపిక్స్. అప్పట్లో ఒలింపిక్స్‌లో డబ్బు తీసుకునే ఆటగాళ్లకు చోటు లేదు కాబట్టి, సైక్లింగ్ పెద్దలు 1965లో అమెచ్యూర్లకో సమాఖ్య, వృత్తి ఆటగాళ్లకో సమాఖ్య పెట్టారు. తమాషా ఏమిటంటే సైక్లోక్రాస్ అసలు ఒలింపిక్స్‌లోనే లేదు. లేని పెళ్లికి పందిరి వేసినట్టయింది.

చీలిన మరుసటి ఏడే ఒక ఇంట్లో రెండు పతకాలు పడ్డాయి. 1968లో వృత్తి విభాగంలో బెల్జియం ఆటగాడు ఎరిక్ ద వ్లామింక్ గెలిచాడు. అమెచ్యూర్ విభాగంలో గెలిచింది అతని తమ్ముడు రోజర్. ఎరిక్ మొత్తం ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ లెక్కను అందుకోవడానికి మాథ్యూ వాన్ డెర్ పూల్‌కు 2025 దాకా పట్టింది. రోజర్ రోడ్డు మీదికి వెళ్లి, రాళ్లు పరిచిన పారిస్–రూబే పందేన్ని నాలుగుసార్లు గెలిచాడు. బురదలో నేర్చిన చక్రవిద్య రాళ్ల మీద అక్కరకొచ్చింది.

ఎనభైలలో అమెచ్యూర్ కిరీటం చెకోస్లొవేకియాకు పోయింది. 1981, 82ల్లో మిలోష్ ఫిషెరా, 83, 84ల్లో రదోమిర్ షిమూనెక్. సోషలిస్టు దేశాల్లో వృత్తి ఆటగాడు అనే మాటకే చోటు లేదు. సర్కారు క్లబ్బులో చేర్చుకుని, తిండీ జీతమూ చూసుకుని, రోజంతా సాధన చేయించినా కాగితం మీద అతను అమెచ్యూరే. ఇటు పడమటి దేశాల్లో వారమంతా ఫ్యాక్టరీలో పనిచేసి ఆదివారం పందేనికొచ్చే కుర్రాడూ అమెచ్యూరే. ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టిన నియమం పాతికేళ్లకు పైగా నడిచింది. ఇది న్యాయమని వాదించేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. 1994లో ఆ గోడ కూలింది. ఆ ఏడాది అందరికీ ఒకే పోటీ పెట్టారు. ఆడవాళ్లకు ప్రపంచ పోటీ రావడానికి మాత్రం 2000 దాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత మరియానె వోస్ ఒక్కతే ఎనిమిది టైటిళ్లు పట్టుకెళ్లింది.

1994 పోటీ జరిగిన ఊరు కోక్సైడ. బెల్జియం సముద్రతీరం, ఇసుక దిబ్బలు. అప్పుడు గెలిచినవాడు పాల్ హెరైగర్స్. 2012లో ప్రపంచ పోటీ మళ్లీ అక్కడికే వచ్చినప్పుడు మొదటి ఏడు స్థానాలూ బెల్జియం వాళ్లవే! మిగతా దేశాల వాళ్లకు బలం లేక కాదు, ఇసుక తెలియక. ఇసుకలోకి వేగంగా దిగాలి, ఒంటి బరువు వెనక్కి వేయాలి, హ్యాండిల్ తిప్పే ప్రయత్నం చేయకూడదు, పెడలు ఆపకూడదు. ముందువాడి చక్రం వేసిన గాడిలో పడితే సగం పని అయినట్టే. టైర్లలో గాలి బాగా తగ్గించాలి. టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు మించకూడదని నియమం ఉంది కాబట్టి, లావుపాటి టైరు వేసుకుని గట్టెక్కే దారి లేదు. చక్రం కూరుకుపోయిందా, ఇక పంతానికి పోకుండా దిగి పరుగెత్తడమే.

ఇసుక మాట వచ్చిందంటే కువైట్‌లో ఉన్న మనవాళ్లకు జహ్రా గుర్తుకు రావాలి. కువైట్ నగరానికి పడమరగా ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఒకవైపు కువైట్ అఖాతం, ఉత్తరాన జాల్ అజ్ జోర్ గట్టు, దాన్ని చీల్చుకుని పోయే ముత్లా కనుమ. నూట నలభై మీటర్లకు అటూఇటూ ఎత్తున్న ఆ గట్టు మన నల్లమలకు అలవాటుపడ్డ కళ్లకు ఆనదు గానీ, చదునైన ఆ దేశంలో అదే కొండ. బావులు, ఖర్జూరపు చెట్లు, పశుగ్రాసపు మళ్లతో జహ్రా ఒకప్పుడు వ్యవసాయపు ఊరు. ఉత్తరాది నుంచి వచ్చే ఏ దండైనా ఈ గట్టు దాటే రావాలి. ఏ ప్రయాణికుడైనా ఈ బావుల దగ్గరే ఆగాలి. అందుకే యుద్ధాలూ ఇక్కడికే వచ్చాయి. 1920 అక్టోబర్ 10న ఫైసల్ అల్ దువైష్ నాయకత్వంలో ఇఖ్వాన్ అనే అరబ్బు తెగల దళాలు జహ్రా మీద పడ్డాయి. కువైట్ పాలకుడు షేక్ సాలిం అల్ ముబారక్ తన మనుషులతో అక్కడి ఎర్రకోటలో తలుపులు మూసుకుని, నీటికి కటకటపడుతూ నిలబడ్డాడు. మట్టి గోడల ఆ కోట నేటికీ ఉంది. డెబ్భై ఏళ్ల తర్వాత, 1991 ఫిబ్రవరి చివర్లో, వెనుదిరిగిన ఇరాక్ సైన్యపు వాహనాలు ముత్లా దారిలో 80వ నంబర్ రహదారి మీద బాంబుల కింద కాలిపోయాయి.

ఈ నేలలో ఒక క్లబ్బు అమెచ్యూర్ సైక్లోక్రాస్ ఛాంపియన్‌షిప్ పెడితే ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. కాలం కలిసొస్తుంది. యూరప్‌లో ఈ ఆట రుతువు సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి. కువైట్‌లో ఎడారిలో డేరాలు వేసుకునే రుతువు నవంబర్ నుంచి మార్చి. అదే జహ్రా గవర్నరేట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ధ్రువీకరించింది కూడా. అందుకని జనవరి శుక్రవారం పొద్దుటి పూట తప్ప వేరే ముహూర్తం చూడనక్కర్లేదు. పదకొండు దాటకముందే అన్ని పోటీలూ ముగిస్తే జుమ్మా నమాజుకు వెళ్లేవాళ్లు వెళతారు.

కష్టమంతా చుట్టు గీయడంలో ఉంది. జహ్రా ఇసుక ఒక్క రకం కాదు. గాలికి కొట్టుకొచ్చిన పిండిలాంటి ఇసుక ఒకచోట. దాని కిందే, కొన్నిచోట్ల పైనే, గచ్ అనే గట్టి సున్నపు పొర. అఖాతం వైపు పోతే సబ్ఖా, అంటే ఉప్పునేల. పైన పెంకు గట్టిగా కనిపిస్తుంది, చక్రం ఎక్కగానే విరిగి లోపలి చిత్తడిలోకి దిగబడుతుంది. బెల్జియం బురదను కంటితో చూసి అంచనా కట్టొచ్చు, సబ్ఖాను కట్టలేం. పైగా 1991 నాటి పేలని మందుపాతరలు ఎడారిలో ఎక్కడైనా మిగిలి ఉండొచ్చన్న హెచ్చరిక ఇంకా ఉంది కాబట్టి, శుభ్రం చేశామని అధికారులు చెప్పిన చోటు దాటి ఒక్క మేకు కూడా పాతకూడదు. నన్నడిగితే చుట్టు గీసేటప్పుడు మ్యాపు పట్టుకున్న ఇంజనీరు కన్నా ముందు ఎడారిలో మేకలు, ఒంటెలు కాసేవాళ్లను, డేరాలు కట్టే కూలీలను, అబ్దలీ తోటలకు బండ్లు తోలే డ్రైవర్లను అడగాలి. వాళ్లలో రాజంపేట, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు దొరక్కపోరు. ఎక్కడ నేల మోస్తుందో, ఎక్కడ మింగుతుందో వాళ్లకు కాళ్లతో తెలుసు.

పోటీ రోజు మాత్రం ఎక్కడైనా ఒక్కటే. పొద్దున్నే పిల్లల చుట్లు, తర్వాత ముప్ఫై అయిదు దాటిన మాస్టర్లు, ఆడవాళ్లు, ఆఖరున అసలు పోటీ. మాస్టర్లకు నలభై నిమిషాలు చాలు. చూడటానికి తక్కువగా ఉంటుంది గానీ, మొదటి మలుపులోకి ముందుగా దూరాలన్న ఆత్రంలో తొలి రెండు నిమిషాల్లోనే ఊపిరి సగం అయిపోతుంది. ఆ మలుపు దాటాక ముందున్నవాడి గాడి దొరుకుతుంది, వెనకున్నవాడికి ముందువాళ్ల దుమ్ము దొరుకుతుంది. పెద్ద పోటీల్లో ఒక్కొక్కరికి రెండు మూడు సైకిళ్లుంటాయి. సగం చుట్టుకోసారి పిట్‌లో మురికి సైకిల్ పడేసి, కడిగిన సైకిల్ అందుకుంటారు. క్లబ్బు పోటీల్లో చాలామందికి ఒక్కటే సైకిల్. అది పంక్చరైతే మోసుకుంటూ పిట్ దాకా పరుగే. క్రిస్తోఫ్ కాలానికీ ఇప్పటికీ వచ్చిన తేడా, కొలిమితిత్తి ఊదిపెట్టినందుకు ఎవరూ జరిమానా వేయకపోవడం.

బెల్జియంలో పిట్ పక్కన నీళ్ల పంపులు హోరెత్తుతుంటాయి. జహ్రాలో నీళ్లు తెస్తే చైనుకు పట్టిన దుమ్ము ముద్దవుతుంది. అక్కడ కావలసింది ఒక పాత పెయింటు బ్రష్షు, గాలి కొట్టే కంప్రెసరు, పొడిగా ఉండే చైను నూనె. తాగడానికి మాత్రం ట్యాంకరు పిలిపించాలి.