పేరుంటేనే ఆచూకీ

ఇంత సందడిలో వెబ్ పేజీల శీర్షికల గోల ఏమిటని విసుక్కోకండి. బ్రిటన్‌లో మన చరిత్ర రేపటివాళ్ళకు దొరుకుతుందా లేదా అన్నది ఆ ఒక్క వరుస మీదే ఆధారపడి ఉంది.

ఈ సమస్య మన పూర్వకవులకూ ఉండేది. తాటాకు పుస్తకం దారం తెగితే ఆకులు చెల్లాచెదురయ్యేవి. అందుకేనేమో, ఆశ్వాసం చివర గద్యం రాసేవారు. తిక్కన సోమయాజి గద్యమే చూడండి: రాసినదెవరు, గ్రంథమేది, ఏ పర్వం, ఎన్నో ఆశ్వాసం, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ ఒక్క ఆకు ఎక్కడ దొరికినా తన ఊరూ పేరూ తానే చెప్పుకోగలదు!

ఇక మనం ఉంటున్న దేశానికి వద్దాం. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో చేరిన తెలుగు అచ్చు పుస్తకాలకు ఎల్. డి. బార్నెట్ కూర్చిన పట్టిక 1912లో వెలువడింది. ఆ గ్రంథాలయం 1973లో ఏర్పడిన బ్రిటిష్ లైబ్రరీలో భాగమైంది. ఎక్కడో మద్రాసులో అచ్చయిన పుస్తకం ఇక్కడ మన చేతికి అందుతోందంటే, దాన్ని ఒక పేరుతో పట్టికకెక్కించిన ఓపికే కారణమని నేననుకుంటాను.

వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ కూడా 1955లో లండన్‌లో పుట్టినవాడే. ఆయన, డాన్ కానలీ రాసిన హెచ్‌టీఎంఎల్ 2.0 నియమాలు 1995 నవంబరులో వచ్చాయి. ప్రతి పేజీకీ శీర్షిక తప్పనిసరి అన్నారు. పొడవైనది తెగిపోవచ్చు కనుక 64 అక్షరాల లోపు మేలన్నారు. 'పరిచయం' లాంటి పొట్టి పేరు పేజీ దాటితే అర్థం కాదనీ హెచ్చరించారు. తిక్కనగారి గద్యం చేసిన పని ఇదే కదా!

మన భాషకు మరో చిక్కు వచ్చిపడింది. 1990లలో ఎవరి ఫాంటు వారిదే. పేజీలో తెలుగు కనిపించినా లోపల ఉన్నవి వేరే సంకేతాలు. వెతికితే దొరికేవి కావు. యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరినా, 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చాక గానీ ఇళ్ళలో అందుబాటు పెరగలేదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. శీర్షికలు తెలుగులో రాసే రోజులొచ్చాయి.

రోజులొచ్చాయి గానీ, మనం రాసే తీరు మాత్రం ఆహ్వానపత్రికదే! 'మా సంఘం ఆధ్వర్యంలో అత్యంత వైభవంగా నిర్వహించిన...' అని మొదలుపెడతాం. గూగుల్ ఫలితాల్లో చోటు తెర వెడల్పును బట్టే ఉంటుంది. అసలు విషయం రాకముందే వాక్యం తెగిపోతుంది. అన్ని పేజీలకూ సంఘం పేరొక్కటే పెడితే ఏది ఏదో తెలియదు. శీర్షిక విషయానికి పొసగదనిపిస్తే గూగుల్ తనకు తోచిన మాటలు పెట్టేస్తుంది.

ఉదాహరణకు, 'ఉగాది కవిసమ్మేళనం 2008, మాంచెస్టర్' అంటే చాలు. ముందు విషయం, తర్వాత ఏడాది, ఊరు; సంఘం పేరు చివర. ఇక్కడ పుట్టిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు లిపి రాదు కనుక, అసలు మాటను ఇంగ్లీషు అక్షరాల్లోనూ చేర్చండి.

ఈ సభల ఫొటోలు, ప్రసంగాలు రేపు వెబ్‌కెక్కుతాయి. ఎక్కించేవారికి నా మనవి ఒక్కటే: ముప్పై ఏళ్ళ తర్వాత ఓ మనవరాలు తాతగారి ఊరి పేరుతో వెతికినప్పుడు, ఆ పేజీ తన పేరు తానే చెప్పుకోవాలి.